రాజయ్య నన్ను దవాఖానాలో చేర్పించిన వైనం

ఒక రోగిని దవాఖానా నుంచి పారదోలడానికి కర్ర అక్కర్లేదు, నా గొంతు చాలు. రెండు వేల ఐదు ప్రాంతంలో, ఖమ్మంలో, ఆ సంగతి నేనే స్వయంగా నిరూపించాను. ఆ తర్వాత జరిగినదానికి మాత్రం నా బాధ్యత ఏమీ లేదు. సరే, కొంచెం ఉంది.

అప్పుడు నేనొక చిన్న ప్రైవేటు దవాఖానాలో కొత్త కాంపౌండర్ని. మా చర్చిలో మైకు పాడైతే వాక్యం చదవమని నన్నే లేపేవారు, అదీ నా గొంతు. ఆ గర్వంతో వరండాలో కూర్చున్నవాళ్లను జబ్బులతోనే పిలిచేవాణ్ణి. షుగరమ్మా రా, కుక్కకాటు తాతా రా. ఇన్ని పేర్లు గుర్తుపెట్టుకోవడం దండగని నా జ్ఞానం.

ఒకరోజు డాక్టరమ్మ నన్ను పిలిచింది. బొగ్గుబావిలో పనిచేసే రాజయ్య తాగుడు మానడానికి వచ్చాడనీ, ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి బతిమాలితే ఇవాళ్టికి కదిలాడనీ, ఇప్పుడు వెళ్లిపోతే మళ్లీ రాడనీ చెప్పి, జాగ్రత్తగా లోపలికి తీసుకురమ్మంది. నేను జాగ్రత్తగానే గుమ్మం దాకా వెళ్లి, జాగ్రత్తగానే గొంతు సవరించుకున్నాను.

"తాగుబోతాయన ఎవరు? జల్దీ లోపలికి రావాలె."

వరండా మొత్తం తలలు తిప్పింది. కుక్కకాటు తాత సైతం నొప్పి మరిచి వెతికాడు. మూలనున్న ఒక పెద్దమనిషి లేచి, చెప్పులేసుకుని, గేటు బయటికి నడిచాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. "ఆయన జబ్బుపడ్డ మనిషి. రాజయ్యగారు అని పిలువు. పొయ్యి తీస్కరా," అంది, అంతే. తిట్టినా బాగుండేది. నాకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది.

సిగ్గయితే వచ్చింది గాని బుద్ధి ఇంకా రాలేదు. తాగే అలవాటున్నవాడు ఇంకెక్కడికి పోతాడనుకుని తిన్నగా కల్లు దుకాణానికి పరుగెత్తాను. ఒళ్లంతా చెమట, రొప్పు, దుమ్ముకు ఎర్రబడ్డ కళ్లు. దుకాణదారు నా వాలకం చూసి, పాపం, అడక్కుండానే సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. వద్దనడానికి ఊపిరాడక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

భుజం మీద చెయ్యి పడింది. రాజయ్య. ఎదురుగా బస్సు కోసం కూర్చుని అంతా చూశాడట.

"నీకు గుడ ఉన్నదా తమ్మీ గీ బాధ?" అన్నాడు మెల్లగా. "అందుకేనా గట్ల అరిచినవ్?"

లేదని చెప్పబోయాను.

"ఒక్కన్నే పోవాల్నంటే నాకూ భయమైతుండె. పా, ఇద్దరం పోదాం."

లేదంటే ఆయన బస్సెక్కుతాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నాను.

అదే వరండాలోంచి నన్ను చెయ్యి పట్టి నడిపించుకెళ్లాడు. జనం చూపులన్నీ ఈసారి నా మీదే. లోపల కుర్చీలో కూర్చోబెట్టి, "మేడమ్, ఈ తమ్మికి తాగుడు జబ్బున్నది. మంచి పిల్లగాడు. గట్టిగ అనకుండ్రి, పారిపోతడు," అన్నాడు.

డాక్టరమ్మ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత రాజయ్య వచ్చినప్పుడల్లా పక్కనే కూర్చుని డాక్టరమ్మ చెప్పే సలహాలన్నీ నేనూ విన్నాను. ఆయన మానేశాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

కాబట్టి చదువరులారా, నా గొంతు మీద ఒట్టు, ఇక ఏ మనిషినీ జబ్బుతో పిలవను. కల్లంటారా, ఇప్పటికీ రుచే ఎరగను. మొన్న కనిపించినప్పుడు కూడా రాజయ్య నా వీపు తట్టి, "నువ్వు గుడ మళ్ల ముట్టలే గదా తమ్మీ?" అని అడిగాడు.

ముట్టలేదన్నాను. మురిసిపోయాడు.