వేదవల్లి టీచరు చెప్పిపోయిన మాట

వడమాలపేట దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నిన్న తిరుపతి నుంచి వస్తుంటే బస్సు కిటికీలోంచి అప్పుడే కోసిన వేపమాను వాసన చేదుగా, తడిగా ముక్కుకు తగిలింది. వేదవల్లి టీచరు గుర్తొచ్చారు. ఆవిడ మా ఊరి హైస్కూల్లో హిందీ చెప్పేవారు. తిరుపతిలో గుడి కైంకర్యం చేసుకునే వైష్ణవుల ఇంట పుట్టారు. పెళ్ళి చేసుకోలేదు. రోజూ బస్సులో వచ్చి పోయేవారు.

ఒకరోజు లింగాల పాఠం చెబుతూ, "హిందీలో చెట్టు మగది, దాని వేరు ఆడది" అంటే తరగతంతా నవ్వింది. "నవ్వింది చాలు, మన భాష చూడండి. అబ్బాయి పడినాడు. అమ్మాయి పడింది. చెట్టూ పడింది" అన్నారు. మగపిల్లలు గొల్లుమన్నారు. నా పక్కనున్న శారద లేచి, "అట్లయితే ఆడోళ్ళు మనుషుల్లో లేరా టీచర్?" అని అడిగింది. ఆవిడ సుద్దముక్క బల్లమీద పెట్టారు. "ఒక్కతే ఉంటే ఇంతే శారదా. నలుగురు చేరితే మాత్రం ఆడవాళ్ళు కూడా వచ్చినారనే అంటాం. చెట్లు నూరున్నా పడినాయనే అంటాం." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

పది పాసయ్యాక నాయన నా చదువు ఆపేశాడు. నన్ను తిరుపతి కాలేజీకి పంపమని అడగడానికి టీచరు మా ఇంటికి వచ్చారు. "ఆడబిడ్డ ఒక్కతే తిరపతికి యాడ పోతాది టీచరమ్మా? వద్దులే" అన్నాడు నాయన. నేను తలుపు చాటున ఉన్నాను. "ఒక్కతే కాదప్పా. నలుగురు పోతారు" అన్నారావిడ. అప్పటికే నా తరగతిలోని మరో ముగ్గురు ఆడపిల్లల ఇళ్ళకూ పోయి ఒప్పించి వచ్చారు. "నలుగురంటే సరే" అన్నాడు నాయన. అలా చదివి నేను నర్సునయ్యాను.

పోయిన చలికాలంలో ఆవిడ జబ్బుపడి నేను పనిచేసే ఆసుపత్రిలోనే చేరారు. ఒక మధ్యాహ్నం నా చేయి పట్టుకున్నారు. "నన్ను కట్టెలమీద పెట్టొద్దని తమ్ముడికి చెప్పు మునిలక్ష్మీ. మాను మట్టి తిని లావవుతుందనుకుంటాం. కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మింగి, ఆ బొగ్గుతోనే ఒళ్ళు కట్టుకుంటుంది. ఏండ్ల తరబడి మింగినదాన్ని నాకోసం ఒక్క పూటలో కక్కించొద్దు. కరెంటు శ్మశానానికి తీసుకుపోండి."

"మీరే చెప్పండి టీచర్."

"మొదలుపెడితే వాడు ఏడుస్తాడు. మాట ముగించనీడు."

ఆవిడ పోయిన రోజు నేను వెళ్ళేసరికి వాళ్ళ ఇంటిముందు బండిలోంచి కట్టెలు దించుతున్నారు. తమ్ముడు రంగనాథంగారికి సంగతి చెప్పాను. "మా వంశంలో అందరూ కట్టెమీదే పోయినారు. చెప్పేదానికి నువ్వెవరమ్మా?" అన్నారు. బంధువులంతా నావైపు తిరిగారు.

"ఆమె చదివించిన పిల్లనండీ. ఇది నా మాట కాదు, ఆమె మాట" అని, విన్నది విన్నట్టు చెప్పాను.

"నాతో చెప్పలేదే అక్క!"

"మీరు ఏడుస్తారని చెప్పలేకపోయినారు సార్."

ఆయన ఆ కట్టెలమీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చారు. కాసేపటికి లేచి, "కట్టెలు వెనక్కి తీసుకపో అప్పా" అన్నారు బండివాడితో. గొణుక్కుంటూ ఇద్దరు ముగ్గురు వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదని ఎవరో అంటే, "రానీండి" అన్నది ఆయనే.

ఇప్పుడు నా వార్డులో పెద్దవాళ్ళెవరైనా మంచం పడితే, బంధువులు బయటికి పోయేదాకా ఆగి పక్కన కూర్చుంటాను. "ఇంట్లో చెప్పలేని మాట ఏమన్నా ఉండాదా?" అని అడుగుతాను. చాలామంది లేదని తల ఊపుతారు. కొందరు మాత్రం నా చేయి వదలరు.