మొండి అక్కయ్య

ఆఫీసులో అందరికీ ఆవిడ అక్కయ్యే, వయసులో పెద్దవాడైన మేనేజరుకి కూడా. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, పొయ్యి మీది పాలను కనిపెట్టుకున్నట్టు, తెర మీద పరుగెత్తే అక్షరాలను కనిపెట్టుకుని కూర్చుంటుంది. ఆస్పత్రుల్లో సెలైన్ చుక్కలు లెక్కపెట్టే పాత యంత్రాలు ఆవిడ చేతుల్లో పుట్టినవే. చుక్క ఆగితే వెంటనే మోగవలసిన బెల్లు ఆలస్యంగా మోగుతోందని కబురొచ్చింది. ప్రోగ్రాం దిద్దాలి. యంత్రంలోని చిన్న బోర్డుకి తన ప్రోగ్రాం తను తయారుచేసుకునే శక్తి లేదు. పెద్ద కంప్యూటర్లో కూర్చుని, బోర్డుకి పనికొచ్చేలా ప్రోగ్రాం తయారుచేసిపెట్టే టూల్‌చెయిన్ అనే పనిముట్ల కట్ట కావాలి. రెడీమేడ్‌గా దొరికే కొత్తవేవీ ఆ పాత బోర్డుకి సరిపడలేదు.

"సాయంత్రానికి కాకపోతే ఆ యంత్రాలన్నీ తుక్కుకే, అక్కయ్యా," అన్నాడు మేనేజరు. "తుక్కు సంగతి సాయంత్రం చూద్దాం లెండి," అంది తల తిప్పకుండా. పాత సోర్సు కోడు వెతికి తెచ్చి టూల్‌చెయిన్‌ని మొదటినుంచీ తనే కట్టింది. ఆగిన చోటల్లా తిట్టింది, దిద్దింది, మళ్ళీ నడిపింది. పొద్దు వాలేవేళ మేనేజరు వచ్చి వెనక నిలబడ్డాడు. బెల్లు తప్పు దిద్ది, దాంతో తయారుచేసిన ప్రోగ్రాంని ముందు తన కంప్యూటర్లోనే నడిపి చూడటం ఆవిడ అలవాటు. కంప్యూటరు ససేమిరా అంది.

"చెప్పానా? నడవలేదు. ఇక పట్టు వదిలెయ్యండి."

"ఇక్కడ నడిస్తేనే కొంప మునిగేది, బోర్డుకి పనికిరాదని అర్థం. ఇది బోర్డు కోసం వండింది. ఈ కంప్యూటరుకి ఎలా రుచిస్తుంది?"

ప్రోగ్రాంని బల్ల మీది యంత్రం బోర్డులోకి ఎక్కించి, దానికి తగిలించిన సెలైన్ గొట్టం నొక్కి చుక్క ఆపింది. ఆపీ ఆపగానే బెల్లు గది అదిరేలా మోగింది. మేనేజరు చెవులు మూసుకుని, "సరే, సరే, ఈ ఒక్కటీ ఉంచుకుందాం," అని అరిచాడు.

"అన్నీ," అంది అక్కయ్య, గొట్టం మీద వేలు తియ్యకుండా.