గేషే ఇంటి పెళ్లి తలుపు

జర్మనీలో ఎల్బె నది గట్టు కింద ఆపిల్ తోటల నడుమ ఉన్న ఆ ఇంటికి గేషే కోడలిగా వచ్చింది వీధివైపున్న పెళ్లి తలుపులోంచే. దానికి బయట పిడి ఉండదు, గడియ లోపలే. ఆ ఊళ్లో పాత ఇళ్లన్నిటికీ అంతే. కొత్త పెళ్లికూతురు వచ్చినప్పుడు తీస్తారు, ఇంట్లో ఎవరైనా పోతే శవపేటికను దాటించడానికి తీస్తారు. రోజువారీ రాకపోకలన్నీ వెనకవైపు కొట్టం తలుపులోంచే.

గేషే పెద్దగా చదువుకోలేదు. అత్తగారి దగ్గర పెళ్లి సూపు కాయడం నేర్చుకుంది, తోటలో కాయలు కోసింది, ఒక కొడుకును పెంచింది, ఎవరి గొడవలోనూ తల దూర్చలేదు. మొన్న చలికాలం మొదట్లో భర్త క్లాస్ పోయాడు. ఆ తలుపులోంచే సాగనంపారు. తిరిగి గడియ పెడుతుంటే అత్తగారు ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. ఒకరిని పంపిన తలుపు, ఇంకొకరు లోపలికి వచ్చేదాకా ఆకలి మీద ఉంటుందట.

ఇంట్లో మిగిలింది తనూ, కొడుకు హిన్నెర్కూ. తన గురించి ఆమెకు బెంగ లేదు. వాడికి నలభై దాటాయి, పెళ్లి మాట ఎత్తితే లేచి తోటలోకి పోతాడు. పైగా రోజంతా నిచ్చెనల మీద ఉండేవాడు. భోజనానికి కాస్త ఆలస్యమైతే చాలు, ఆమె చూపు ఆ తలుపు మీదికే పోయేది. వాడితో చెబితే నవ్వుతాడు. పక్కింటి వీబ్కెతో ఒకసారి సగం చెప్పి ఆపేసింది.

మే నెల వచ్చి ఆపిల్ పూసింది. పూల పండుగ ఆదివారం ఊరందరికీ పెళ్లి సూపు పోసేది ఎప్పుడూ గేషే ఇంటి ముందే. ఈ ఏడు తనవల్ల కాదంది. వీబ్కె వచ్చి వంటింట్లో కూర్చుంది. ఎనభై ఏళ్ల మనిషి, నోటికి మాత్రం ఇరవయ్యే.

"ఎముకలు నేను తెస్తా. పొయ్యి వెలిగించడం నీ పని. ఏడవాలనుంటే ఉల్లిపాయలు కోస్తూ ఏడువు, ఎవరూ అడగరు."

అలా గొడ్డు ఎముకల సూపు పొయ్యెక్కింది. ఆదివారం మేళం వచ్చింది, ట్రాక్టరు మీద ఆ ఏడు పూలరాణిగా ఎంపికైన పిల్ల వచ్చింది, పట్నం జనం వచ్చారు. బల్లల మీద ఎండుద్రాక్ష రొట్టె ముక్కలు పెట్టి, అందరూ గిన్నెలు అందుకున్నారో లేదో నదివైపు నుంచి మబ్బు కమ్మి వడగళ్లు మొదలయ్యాయి. ఇల్లు చుట్టి వెనక్కి పరిగెత్తే ఓపిక ముసలివాళ్లకేది? రొట్టె కోసం లోపలికి వెళ్లిన హిన్నెర్క్ ఆ గోల విని పెళ్లి తలుపు గడియ లాగాడు. చెమ్మకు ఉబ్బిన చెక్క కదల్లేదు. భుజం పెట్టి తోశాడు. చూరు కింద గరిటెతో నిలబడ్డ గేషే వద్దురా అన్నది గానీ, ఆ చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

ముందుగా గడప దాటింది వీబ్కె, గిన్నెలో చుక్క తొణకకుండా. వెనకే పిల్లలు, పూలరాణి, పెద్ద బాకాతో అడ్డం తిరిగి ఇరుక్కున్న మేళగాడు. గది నిండిపోయింది.

"చూశావుటే గేషే, మొదట అడుగుపెట్టింది నేనే. ఇక నీ కోడల్ని. రేపట్నుంచి కాఫీ మంచం దగ్గరికి రావాలి."

"నన్నొక మాట అడగవా మామ్మా?" అన్నాడు హిన్నెర్క్.

"నిన్ను అడిగి అడిగే కదుట్రా ఇన్నేళ్లు పోయాయి."

గది గదంతా నవ్వింది. వడగళ్లు ఆగాయి. ఎవరో తెరిచి ఉన్న తలుపువైపే బయటికి కదిలారు. ఆపబోయి గేషే అడుగు ముందుకేసింది. అంతలో వీబ్కె చేతికర్ర గడపకు అడ్డం పడింది.

"పెళ్లికొచ్చినవాళ్లు వచ్చిన దారిన పోరు. కొట్టంలోంచి నడవండి."

పట్నంవాళ్లు ఇదీ ఒక ఆచారమే కాబోలనుకుని బుద్ధిగా వెనక్కి మళ్లారు. బాకా కూడా మళ్లింది. చివరి మనిషి వెళ్లాక వీబ్కె తనే తలుపు మూసి గడియ పెట్టింది. గేషే ముఖంలోకి చూడలేదు. సూపు చల్లారిపోతోందని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం హిన్నెర్క్ ఎంత పూత రాలిందో చూడటానికి తోటలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి బాగా పొద్దుపోయింది. పూతకు పెద్ద నష్టం లేదని చెప్పబోయి ఆగాడు. అమ్మ గిన్నెలు కడగకుండానే కుర్చీలో వాలి గురక పెడుతోంది. నాన్న పోయాక, వాడు ఇల్లు చేరకముందే ఆమె నిద్రపోవడం అదే మొదటిసారి.