దబ్బపండు మార్పిడి బేరం

ఒకే ఒక్క దబ్బపండుతో ఓ పెద్దమనిషి వారం రోజుల కష్టాన్ని గంటలో మట్టిలో కలపవచ్చు. అనుభవం మీద చెబుతున్నాను.

మాది తెనాలిలో పళ్ళ దుకాణం. అక్షరాల కంటే ముందు నేను నేర్చుకున్నది పళ్ళు పేర్చడం. నిగనిగలాడేవి ముందు వరసకి, మచ్చపడ్డవి అడుక్కి. బేరంలో ఎదుటివాడు నవ్వుతూ వెళ్ళాడంటే మనం ఓడిపోయినట్టేనని మా నాన్న సిద్ధాంతం. ఇంత విద్య నెత్తిన పెట్టుకుని, డిగ్రీ చదివే రోజుల్లో సెలవు దొరికితే చాలు, బాపట్లలో ఒక డ్రాయింగు మాస్టారి దగ్గరికి బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్ళేవాణ్ణి.

మాస్టారిది ఇంప్రెషనిస్టుల దారి, అంటే వస్తువు కంటే దాని మీద పడే వెలుగుని పట్టుకునే ఫ్రెంచి చిత్రకారుల దారి. ఆయన రంగుల పెట్టెలో నలుపే ఉండేది కాదు. "నీడంటే నలుపు కాదురా, కళ్ళు చిట్లించి చూడు, ఊదా కనబడుతుంది" అనేవారు. నేను చిట్లించేవాణ్ణి. నిద్ర వచ్చేది.

ఆ రోజుల్లోనే రేపల్లెలో ఆయన కూతురి గృహప్రవేశం. కానుకగా మాస్టారు ఒక బొమ్మ వేస్తున్నారు. కిటికీ పక్కన బల్ల, దాని మీద నలిగిన తెల్ల తువ్వాలు, ఇత్తడి చెంబు, రెండు జామపళ్ళు, సరిగ్గా అంచున, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేలా ఒక దబ్బపండు. దానికో సొట్ట కూడా! బొమ్మలో అన్నీ వచ్చేశాయి, దబ్బపండు తప్ప. దాని చోట ఖాళీ కాన్వాసు. కింద మాత్రం నీలం, ఊదా చుక్కలతో చక్కటి నీడ.

"పండు లేకుండానే నీడేంటి మాస్టారూ?"

"ఊదా కుదిరితేనే దాని పక్కన పసుపు వెలుగుతుందిరా. రేపు పొద్దున్నే పండు వేస్తే అయిపోయినట్టే. ఎల్లుండే గృహప్రవేశం. నేను రేపల్లె వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తా. బల్ల జోలికి మాత్రం పోకు."

"అలాగేనండి."

ఆయన బస్సెక్కారో లేదో, నా చెయ్యి దురద పెట్టింది. కన్నకూతురికిచ్చే బొమ్మలో సొట్టపండా? పళ్ళన్నీ సంచిలో వేసుకుని బజారుకి వెళ్ళాను. నా బేరాల రుచి ఎరిగిన పళ్ళమ్మే సుబ్బాయమ్మ నన్ను చూస్తూనే ముఖం తిప్పుకుంది.

"అత్తా, ఇవి తీసుకుని నాలుగు బత్తాయిలివ్వు."

"పాతవాటికి కొత్తవా? ఇదేమన్నా స్టీలుసామాన్ల బండి అనుకున్నావా అబ్బాయ్?"

"ఈ దబ్బపండు చూడు. పచ్చడికి ఇంతకంటే మంచిది నీకు బాపట్ల మొత్తంలో దొరకదు."

"సొట్టపడిందిగా!"

"సొట్టేంటత్తా, రసం బరువుకి లోపలికి పోయింది."

అరగంట గడిచాక ఆవిడ రెండు చేతులూ జోడించింది. "పట్టుకుపో బాబూ, నీ నోటికో దణ్ణం!"

యుద్ధం గెలిచిన రాజులా తిరిగొచ్చాను. తువ్వాలు ఇస్త్రీ చేసి పరిచాను. చెంబు చింతపండుతో తోమాను. బత్తాయిలు తుడిచి, బల్లకి నడిమధ్యన గోపురంలా పేర్చాను.

సాయంత్రం మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంట్రా ఇది? నా దబ్బపండేది?"

"మంచి బేరానికి పోయిందండి."

ఆయన తిట్టలేదు. ఎవరికిచ్చావో చూపించమని గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. తిట్టినా బాగుండేది.

ఇద్దరం బజారుకి పరిగెత్తాం. సుబ్బాయమ్మ చేతులు కడుక్కుంటోంది. "అయ్యో మాస్టారూ, ఇప్పుడే కోసి ఉప్పులో వేశానండి. మీవాడు అబద్ధమాడలేదు, రసం భలే ఉంది!"

"ఇంకోటి వెతికి తెస్తానండి" అన్నాను.

"ఆ నీడలో సొట్ట కూడా ఉందిరా. దాని పక్కన గుండ్రటి పండు ఎలా పెట్టను?"

సెల్లులో ఫొటో తీసి ఉంచుకోవచ్చుగా అంటారేమో. ఆయన ఎదురుగా ఉన్న వెలుగుని చూసి వేసే మనిషి. ఫొటోలో వెలుగు చల్లారిపోయిన టీ లాంటిదనేవారు. మర్నాడు పొద్దున్న ఖాళీ చోటుని చూసి, కుంచె కడిగి పెట్టేశారు. బొమ్మ అలాగే రేపల్లె వెళ్ళింది.

గృహప్రవేశంలో చుట్టాలంతా దాని చుట్టూ మూగారు. "ఇదేంటండీ, నీడుంది, పండేది?"

మాస్టారు తాపీగా భోజనాల వైపు చెయ్యి చూపించారు. "అమ్ముకున్నవాడు అదిగో, రెండోసారి పులిహోర వేయించుకుంటున్నాడు. వాణ్ణే అడగండి."

మాస్టారిప్పుడు లేరు. మొన్న రేపల్లె వెళ్ళినప్పుడు ఆయన కూతురు నన్ను ఆ బొమ్మ ముందుకి తీసుకెళ్ళింది. ఇన్నేళ్ళకి ఆ ఖాళీ కాన్వాసు దానంతటదే పసుపెక్కింది. ఊదా పక్కన వెలుగుతోంది కూడా.

"కొత్తవాళ్ళు దాన్నే దబ్బపండనుకుంటున్నారు అన్నయ్యా" అందామె. కళ్ళు చిట్లించి చూశాను. ఈసారి నిద్ర రాలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చిత్రకారుడి బల్ల మీద పండు ఎంత సొట్టపడినా, ఎదుట ఎంత గొప్ప బేరం ఊరిస్తున్నా, బొమ్మ మీద చివరి రంగు ఆరేదాకా దాన్ని ముట్టుకోను. ఆరిన తర్వాత సంగతి మాత్రం మాట ఇవ్వలేను.