కళ్లజోళ్ల కొట్టుకు ఎదురుగా ఉన్న కొండ

ఎన్నో కొండలెక్కాను, వాటి మహిమల మీద లావుపాటి పుస్తకాలూ చదివాను. అయినా కొండ అనగానే నాకు గుర్తొచ్చేది ఒక కళ్లజోళ్ల కొట్టాయనే. చదువురాని వాళ్లకు అక్షరాల అట్ట బదులు కిటికీలోంచి ఎదుటి కొండను చూపిస్తూ అద్దాలు మార్చేవాడు.

ఒకరోజు ఒక ముసలమ్మ, ఆయన అద్దం పెట్టకముందే అటు తిరిగి చేతులు జోడించింది.

"కనబడుతోందా అవ్వా?"

"లేదు నాయనా. దణ్ణానికి కళ్లెందుకు? మొన్న దానిమీద మంటలు లేచాయటగా. చెట్లు మిగిలాయో లేదో చూద్దామని వచ్చాను."

మూడు అద్దాలకూ తల అడ్డంగా ఊపింది. నాలుగోది పెట్టాక కిటికీ వైపు ముందుకు వంగింది.

"ఉన్నాయి," అంది చివరికి. "నువ్వూ చూడు."

ముప్పై ఏళ్లుగా ఆయన చూసింది కొండను కాదు, దాన్ని చూసేవాళ్ల కళ్లను. ఆమె కుర్చీ పక్కన వంగి, మొదటిసారి తీరిగ్గా చూశాడు.