అలవాటు తప్పిన మీటలు

దూదికి స్పిరిట్ అద్దగానే విఠలయ్య మామ పక్కకు వచ్చి కూర్చున్నట్టుంటుంది నాకు. ఆ వాసన ఆయన చొక్కాలో, వేళ్లలో ఎప్పుడూ ఉండేది. బీదర్‌లో చౌబారా బురుజు దగ్గరి సందులో ఆయనది పాత రేడియోలు బాగుచేసే దుకాణం. ఆయన పోయాక అక్కడ కూర్చుంటున్నది నేను.

మాది ఆ పక్క పల్లె చిమ్కోడ్. బట్టలు కుట్టి బతికేదాన్ని. ఒకసారి జారిపడితే కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ వేళ్లు మొరాయించాయి. కత్తెర పట్టలేని చేతికి పని ఎవరిస్తారు? మా అమ్మకు వరసకు తమ్ముడైన విఠలయ్య మామ, దుకాణం ఊడ్చిపెట్టమని పిలిచాడు. జాలిపడి పిలిచాడనుకుని లోలోపల కుమిలిపోయాను.

ఒకనాడు కమఠాణ ఊరి రైతు ఒకాయన రేడియో తెచ్చాడు. స్టేషన్లు మార్చే మీటలు నొక్కితే గరగర తప్ప మరేమీ రావడం లేదు. ఖరాబైందని ఇంట్లో కొబ్బరినూనె పోశారట. నెత్తికి పెట్టేది దీనికెందుకు పెట్టిన్రని మామ నవ్వాడు. మా వైపు ఏది బిగుసుకున్నా కొబ్బరినూనే మందు. నా మణికట్టుకూ సీసాలకు సీసాలు పట్టించారు. విప్పి చూస్తే నూనెకు దుమ్ము పట్టి, లోపలి ఇత్తడి రేకులు నల్లగా ఉన్నాయి.

ఖరాబ్ అనే మాట మామకు గిట్టదు. "ఖరాబ్ కాలే. అలవాటు తప్పింది, గంతే," అన్నాడు. వాడకుండా మూలన పెడితే రేకుల మీద పొర కడుతుందని, తుడిచి నొక్కుతూ పోతే ఆ రాపిడికే అది వదులుతుందని రైతుకు చెప్పి, సాయంత్రం రమ్మన్నాడు. స్పిరిట్‌తో తుడిచి రేడియోను నా ముందుకు జరిపాడు.

ఎడమ చెయ్యి చాపాను.

"ఆ చెయ్యి కాదు బిడ్డా. కుడిచేత్తో నొక్కు. పలికినా పలకకున్నా నొక్కు."

ఊడవడానికి పిలవలేదని అప్పుడు తెలిసింది. నొప్పికి కళ్లు చెమ్మగిల్లాయి. వేలు వంగక అరచేత్తో నొక్కితే, మామ చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వేలితోనే నొక్కాను. రైతు తిరిగొచ్చేసరికి గరగర తగ్గి, కన్నడంలో వార్తలు స్పష్టంగా వినిపించాయి: ఇప్పట్లో వాన లేదట. ఆయన ముఖం వాడిపోయింది. ఆ కబురు విని సంతోషంతో ఏడ్చింది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అలా రోజూ నొక్కగా నొక్కగా ఆ చెయ్యి మళ్లీ నాదైంది. మామకు ఆ మాట చెప్పబోతే, టీ తెమ్మని మాట మార్చేవాడు. చలికాలం పొద్దున వేళ్లు ఇంకా బిగుసుకుంటాయి. అప్పుడు ఆయన సొంత రేడియో ముందు కూర్చుని, పలికినా పలకకున్నా, ఒక్కో మీటా కుడిచేత్తో నొక్కుతాను.