ఎగిరిన పిండి

నాలుగో జ్వరం దిగి, పాత తోలు విడిచిన పట్టుపురుగుల ఆకలి చూస్తే పెండ్లి పందిట్లో మా బావ గుర్తుకొస్తాడు. తట్టనిండా ఆకు వేసి వెనక్కి తిరిగేలోపల ఈనెలే మిగుల్తాయి. ఇంగ వారం మేపితే గూళ్లు కడతాయి. మల్బరీ ఆకేమో టేకల్ దాకా పోయినా దొరకదు, మా తోటలో ఉండేదే.

ఆ పొద్దు తోట గట్టు మీద లంటానా పొద కాడలకి తెల్లగా దూది అంటుకొని ఉండాది. పిండినల్లి! మల్బరీకి పాకితే ఆకంతా ముడుచుకొని పోతాది. పక్క చేన్లో టమాటాకి మందు కొడతా ఉన్న మా బావని కేకేసినాను.

"పొదకే కొట్టు బావా, మల్బరీ మీద పడనీయబాక."

"బడి మానేసినోడు నాకు పాఠం చెప్తాడు చూడు" అని పంపు ఎత్తినాడు.

ఆయన పొద ఆ చివర మొదలుపెడితే, నేను ఈ చివర గడ్డిపరకతో దూదిని పొడిచినాను. దూది ఎగిరి నా పెదవి మీద వాలింది! అమ్మా అని వెనక్కి పడినాను. ఇంకోదాన్ని పొడిస్తే అదీ దూకింది. గింజంత పురుగు, రెండు కండ్లు, వెనక నెమలి పురి మాదిరి తెల్లటి పోగులు. పిండినల్లి యాడన్నా దూకుతాదా? ఇది వరిలో వచ్చే సుడిదోమకి చుట్టమని, దీనికి మందు అక్కరలేదని తర్వాత వ్యవసాయ శాఖాయన చెప్పినాడు.

"ఆపు బావా!" అని తిరిగినాను. గాలి మారింది. మందు పొగమంచు మాదిరి మల్బరీ సాళ్ల మీద పోతా ఉండాది. ఆ సాళ్లలోనే కోసిన ఆకు గంపనెత్తుకొని మా ఆమె పురుగులింట్లోకి దూరింది.

నేనంత పరుగు పోలీసోళ్లు తరిమినా తీయను.

"ఏమ్మే, వేయబాక!"

ఆమె చేతిలో పిడికెడు ఆకు అట్లే ఆగింది. వాసన చూసింది. మొహం తెల్లబోయింది.

"ఒక తట్టకి వేసేసినానప్పా."

కాసేపటికే ఆ తట్టలో పురుగులు తలలు ఆడించి, పచ్చగా కక్కడం మొదలుపెట్టినాయి. ఆమె తట్టని బయట పెట్టి తలుపేసింది.

"మిగిలినవి తలలెత్తి చూస్తా ఉండాయి. ఆకు తేపో, నిలబడబాక."

మందు గాలి తగలని పడమటి సాళ్లకి పోయినాను. కోసిన ప్రతి కొమ్మా ముక్కు దగ్గర పెట్టుకొని, మందు వాసన లేనిదే గంపలో వేసినాను.